కాగితపు పూల చెట్టుకు నీళ్ళు ఎప్పుడు పోయాలి?

ప్రశ్న: మా ఇల్లు సీతమ్మధారలో ఉంది. డాబా మీద పన్నెండు అంగుళాల కుండీలలో నాలుగు కాగితపు పూల మొక్కలు పెంచుతున్నాను. రోజూ ఉదయం, సాయంత్రం ఒక్కో కుండీకి చెంబుడు నీళ్ళు పోస్తాను. ఆకు దట్టంగా ఉంది, తీగలు బారెడు పొడవున సాగుతున్నాయి గానీ రెండేళ్ళుగా పూలు లేవు. ఎదురింటి ప్రహరీ మీద పాకిన చెట్టుకు ఎవరూ నీళ్ళు పోయగా నేను చూడలేదు. అది మాత్రం సంక్రాంతి నాటికి ఆకు కనబడకుండా పూస్తుంది. ఏ కాలంలో ఎన్ని నీళ్ళు పోయాలో దయచేసి వివరంగా తెలపగలరు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ మొక్కలకు జబ్బేమీ లేదమ్మా. వాటికి దాహమంటే ఏమిటో తెలియకుండా పెంచుతున్నారు, పూలు రాకపోవడానికి ముఖ్య కారణం అదే. ఈ మొక్క దక్షిణ అమెరికాకు చెందినది. ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ జరిపిన ప్రపంచయాత్రలో, 1767లో, ఆయన వెంట వెళ్ళిన వృక్షశాస్త్రజ్ఞుడు కొమర్సాన్ దీనిని బ్రెజిల్‌లో సేకరించాడు. బోగన్‌విల్లియా అన్న పేరు ఆ నావికుడిదే. నీరు నిండుగా ఉన్నంతకాలం ఆకునూ తీగనూ పెంచుకోవడం, వేళ్ళ దగ్గర తేమ తగ్గి ఎండ బాగా తగిలినప్పుడు పూతకు రావడం దీని స్వభావం. మనం పూరేకులని అనుకునే ఎరుపు, గులాబి, నారింజ రంగుల భాగాలు నిజానికి రంగు మారిన ఆకులే. వాటి నడుమ సన్నని గొట్టాల్లా కనిపించే తెల్లని చిన్నవే అసలు పూలు. ఒక గుత్తిని చేతిలోకి తీసుకుని విప్పి చూడండి, మూడు రంగుటాకులకు మూడు పూలు అతుక్కుని ఉంటాయి.

ఇక నీటి సంగతి. రోజుకు ఇన్ని చెంబులని లెక్క పెట్టుకోవద్దు. వేలిని రెండో కణుపు వరకు మట్టిలోకి దించండి, లేదా ఒక చీపురుపుల్లను అడుగుదాకా గుచ్చి తీయండి. పుల్లకు తడిమట్టి అంటుకుని వస్తే ఆ రోజు నీళ్ళు అవసరం లేదు. పొడిగా వస్తే, కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారేంత వరకు నింపాదిగా పోసి, మళ్ళీ ఎండేవరకు ఊరుకోవాలి. కొంచెం కొంచెంగా రోజూ పోస్తే పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, లోతున ఉన్న వేళ్ళకు మాత్రం కొన్నిసార్లు చుక్క కూడా అందదు.

వేసవిలో, అంటే మార్చి నుంచి జూన్‌లో వానలు పడే వరకు, డాబా మీద గచ్చు కాలిపోతుంది కాబట్టి కుండీ మట్టి త్వరగా ఎండుతుంది. మే నెలలో రోజు విడిచి రోజు, కొన్ని చిన్న కుండీలకు రోజూ నీళ్ళు కావలసి రావచ్చు. ఉదయం ఏడు గంటల లోపే పోయడం మంచిది. మధ్యాహ్నం ఆకులు వడలినంత మాత్రాన కంగారు పడకండి. ఎండ తగ్గాక సాయంత్రానికి అవి తిరిగి నిలబడితే మొక్కకు నీరు సరిపోతున్నట్టే. మర్నాడు పొద్దున కూడా వాలిపోయి ఉంటే మాత్రం వెంటనే పోయాలి.

వానాకాలంలోనే అసలు ప్రమాదం. మన విశాఖకు నైరుతి వానలు వెళ్ళిపోతున్న వేళకే, అక్టోబరులో, బంగాళాఖాతంలో వాయుగుండాలు మొదలవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినది ఆ రోజుల్లోనే. జూన్ నుంచి నవంబరు దాకా వాన పడిన వారాల్లో మీరు ఒక్క చెంబు కూడా పోయనక్కరలేదు. దీని వేళ్ళు సన్ననివి, నీరు నిలిచిన మట్టిలో గాలి అందక కుళ్ళిపోతాయి. అప్పుడు ఆకులు పసుపెక్కి రాలుతుంటే, నీరు చాలలేదేమోనని ఇంకా పోసి చంపుకునేవారే ఎక్కువ. నేనూ ఒక మొక్కను అలాగే పోగొట్టుకున్నాను. డాబా మురికి కాకూడదని కుండీ కింద పెట్టిన పళ్ళెంలో వాన నీరు వారం పాటు నిలిచింది. తీసి చూస్తే వేళ్ళు గోధుమ రంగుకు తిరిగి, చేత్తో నలిపితే తొక్క ఊడి వచ్చింది. ఆ పళ్ళేలు తీసేయండి, అందులో దోమలూ పుడతాయి. కుండీలను రెండేసి ఇటుకల మీదికి ఎత్తి పెట్టండి. వాయుగుండం పట్టిన రెండు మూడు రోజులూ కుండీని పక్కకు ఒరిగించి పడుకోబెట్టినా మంచిదే, గాలికి పడి విరగకుండా కూడా ఉంటుంది.

మీ చెట్టు పూసేదీ పూయనిదీ నవంబరు చివర నుంచి మీరు చేసే దానిని బట్టి తేలుతుంది. వానలు తగ్గాక సాగిన తీగలను మూడో వంతు కత్తిరించండి, పూత కొత్త చిగుళ్ళ మీదే వస్తుంది. చిగురు రెండు మూడు అంగుళాలు సాగాక నీటిని బిగపట్టాలి. ఆకులు కాస్త వేలాడే వరకు ఆగి, అప్పుడు మామూలుగా పోసే దానిలో సగం పోసి, తిరిగి ఆగాలి. ఇలా మూడు నాలుగు వారాలు గడిపితే కణుపుల దగ్గర రంగు తొంగి చూస్తుంది. పగలు పొట్టిగా ఉండే ఆ రోజులు కూడా పూతకు సాయపడతాయి. మొగ్గ కనబడ్డాక మళ్ళీ తగినంత నీరు అందించండి, లేకపోతే పూత రాలిపోతుంది. ఈ కాలంలో యూరియా వంటి నత్రజని ఎరువులు వేయవద్దు, అవి మళ్ళీ ఆకునే పెంచుతాయి. రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలని చోట ఉంటే ఇదంతా చేసినా ఫలితం ఉండదు.

ప్రశ్న: భీమిలిలో ఇంటి ముందు నేలలో నాటాలనుకుంటున్నాము. మట్టి, నీరు ఎలా ఉండాలి?
– మరొక పాఠకుడు

జవాబు: నేలలో నాటితే మొదటి సంవత్సరమే శ్రద్ధ కావాలి. వానలు లేనప్పుడు వారానికి రెండుసార్లు లోతుగా తడపండి. వేళ్ళు పారాక వేసవిలో పది పదిహేను రోజులకొకసారి చాలు, తక్కిన కాలంలో దాదాపు అవసరమే ఉండదు. ఎర్రమట్టికి మూడో వంతు ఏటి ఇసుక, కొంత పశువుల ఎరువు కలపండి. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, దానిని వాడకండి. మీ దగ్గరి ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టి తవ్వి తేవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అది భూమి పాత చరిత్రను చెప్పే భూవారసత్వ స్థలం, పోయిన దిబ్బను మళ్ళీ తెచ్చుకోలేము. నర్సరీ సంచిలోంచి మొక్కను తీసేటప్పుడు వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి గడ్డ చెదరకూడదు.

ప్రశ్న: మా బోరు నీరు ఉప్పగా ఉంటుంది. కుండీ అంచున తెల్లని పొర కడుతోంది. ఇది పూలకు హానికరమా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: ఈ మొక్క ఉప్పును కొంతవరకు ఓర్చుకుంటుంది. కానీ కుండీలో ఉప్పు ఏడాది పొడవునా పేరుకుంటే ఆకుల అంచులు మాడతాయి. మొదటి వానలకు కుండీలను ఆరుబయట ఉంచండి, లేదా పట్టి ఉంచిన వాన నీటిని నెలకొకసారి అడుగు రంధ్రం నుంచి ధారగా కారేంత పోయండి. ఆ తెల్లని పొరను పాత పళ్ళ బ్రష్షుతో గీకి, పైన ఉన్న అంగుళం మట్టిని తీసేసి కొత్త మట్టి వేయండి.