లావు పిడి కుంచె ఇచ్చినా చేయి ఎందుకు అలసిపోతోంది?

లోపం కుంచెలో కాదు, బహుశా కూర్చునే తీరులో ఉంది. సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు కలిగిన హాని వల్ల కండరాల అదుపు దెబ్బతినే స్థితి) ఉన్న మీ విద్యార్థిని కుంచెకు స్పాంజి చుట్టి ఇచ్చినా ఐదు నిమిషాల్లో అలసిపోతోందని, గీత పక్కకు జారిపోతోందని రాశారు. ఒంటికి ఆధారం లేనప్పుడు భుజం నుంచి వేళ్ల దాకా కండరాలు బిగుసుకుంటాయి.

1. ముందు పాదాలు చూడండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. రెండు పాదాలూ పూర్తిగా ఆనాలి. కాళ్లు వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చేయి నిలవదు. నేల అందకపోతే కింద గట్టి పెట్టె పెట్టండి. చక్రాల కుర్చీ అయితే బ్రేకు వేసి, పాదాల పలకల ఎత్తు సరిచేయండి. నా దగ్గర నేర్చుకునే ఒక అబ్బాయి బొటనవేలి గోరు తెల్లబడేంత గట్టిగా కుంచె పట్టేవాడు. పెట్టె పెట్టిన రోజే ఆ పిడికిలి వదులైంది.

2. బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి, మోచేతులు దాని మీద ఆనాలి.

3. కాగితాన్ని నాలుగు మూలలా టేపుతో అంటించండి.

4. రంగు చిక్కగా కలపండి, కారదు.

ఏ మార్పు చేసినా ముందు ఆమెను అడిగి చేయండి. దయచేసి చేయి పట్టుకుని గీయించకండి. గీత వంకరగా వచ్చినా అది ఆమె గీత.

రెండు మూడు తరగతుల తర్వాత కూడా బిగుతు తగ్గకపోతే, ఆమె కూర్చునే తీరును ఆక్యుపేషనల్ థెరపిస్టుకు (రోజువారీ పనులు సులువుగా చేసుకునేలా సాయపడే నిపుణులకు) చూపించండి.