ఈ-రీడరా, అచ్చు పుస్తకాలా? ముందు ఆ 6,000 డాలర్ల సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 34. నాలుగేళ్లుగా హెచ్-1బి వర్క్ వీసా మీద డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నా భార్యది హెచ్-4 డిపెండెంట్ వీసా, ఆమెకు పని చేసే అనుమతి లేదు. పాపకు ఏడేళ్లు. నాకు తెలుగు పుస్తకాలంటే ప్రాణం. గుంటూరులో మా ఇంట్లో ఉన్న పుస్తకాల్లో 30 కిలోలు తెప్పించుకుందామంటే కొరియర్ వాళ్లు 22 వేల రూపాయలు అడుగుతున్నారు. దాని బదులు 280 డాలర్లతో కలర్ ఈ-రీడర్ కొనుక్కోమంటున్నారు మిత్రులు. ఏది లాభం? క్రెడిట్ కార్డు మీద 6,000 డాలర్ల బాకీ ఉంది, వడ్డీ 24 శాతం. బ్యాంకులో 1,900 డాలర్లు ఉన్నాయి. నెల ఖర్చు 4,500. 401కె (కంపెనీ ద్వారా కట్టే రిటైర్మెంట్ పొదుపు) నుంచి లోన్ తీసుకుని కార్డు తీర్చేసి, ఖాళీ అయిన కార్డు మీద ఇవి కొనుక్కోవచ్చా?

జవాబు: మీరు అడిగిన రెండింటికీ మధ్య తేడా 30 డాలర్లు. కొరియర్ ఖర్చును డాలర్లలోకి మార్చి చూడండి, ఇంచుమించు 250 అవుతుంది. 6,000 బాకీ మీద మీరు కడుతున్న వడ్డీ నెలకు 120 డాలర్లు. రెండున్నర నెలలు తిరగకుండానే ఒక ఈ-రీడర్ ఖరీదు వడ్డీకే పోతోంది. బాకీ మిగిలి ఉన్న కార్డు మీద కొత్తగా ఏది కొన్నా, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుందని కూడా గుర్తుంచుకోండి. బిల్లు వచ్చేదాకా వడ్డీ లేని గడువు నెలనెలా పూర్తిగా కట్టేవాళ్లకే.

మీలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. ఏం కొనాలన్నది వివరంగా రాస్తారు. చేతిలో ఎంత ఉందో మాత్రం ఆఖర్న ఒక్క ముక్కలో చెబుతారు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది ఆ 1,900. మీ ఖర్చు రోజుకు 150 డాలర్లు. అంటే మీ దగ్గరున్నది 12 రోజులకు సరిపోతుంది. రేపు ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికో, దేశం వదలడానికో హెచ్-1బి వాళ్లకు దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే పత్రం) గడువు అంతకన్నా ముందే ముగిసిపోతే అన్ని రోజులు కూడా ఉండవు. ఆ 60 రోజులు గడవడానికే 9,000 కావాలి. ముగ్గురికి ఇండియా టికెట్లు, అపార్ట్‌మెంట్ లీజు మధ్యలో వదిలితే కట్టాల్సింది, కోబ్రా అనే చట్టం కింద పాత కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ కొనసాగించాలంటే కంపెనీ వాటా కూడా కలిపి మీరే కట్టే ప్రీమియం, ఇవన్నీ దానికి అదనం. ఇంట్లో రెండో జీతం లేదు. అమెరికా పౌరుడికి మూడు నెలల ఎమర్జెన్సీ ఫండ్ చాలంటారు. మీకు ఆరు నెలలది ఉండాలి, అంటే 27,000. ఈ అంకె చూసి బెంబేలు పడకండి, ఒక్కరోజులో పోగెయ్యమనడం లేదు. కానీ అది పోగయ్యేదాకా మీ ఇంట్లో మరో ఖర్చుకు ముందు వరస ఉండకూడదు.

ఇక 401కె లోన్. దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ఉద్యోగం మానేసినా, పోయినా చాలా ప్లాన్లు మిగిలిన లోన్ అంతా కట్టమంటాయి. కట్టలేకపోతే దాన్ని మీరు డబ్బు తీసేసుకున్నట్టే లెక్కేస్తారు. దాని మీద ఆదాయపు పన్ను, మీ వయసు 59న్నర దాటలేదు కాబట్టి పైన 10 శాతం పెనాల్టీ. జీతం ఆగిపోయిన సమయంలోనే ఈ బరువు కూడా మీద పడుతుంది. పైగా లోన్‌తో ఖాళీ చేసిన కార్డు మీదే మళ్లీ కొంటానంటున్నారు! అప్పు తీరదు, ఒకటి రెండవుతుంది. ఏడాది తిరిగేసరికి లోన్ వాయిదా, కార్డు బాకీ రెండూ మోస్తున్నవాళ్లను నేను చాలామందిని చూశాను.

చేయాల్సింది ఇది. ముందు బ్యాంకులో ఒక నెల ఖర్చు, 4,500, నిండేలా చూడండి. ఆ తర్వాత మిగిలే ప్రతి డాలరూ కార్డుకే. కార్డు తీరాక అదే మొత్తాన్ని ఆపకుండా విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలోకి మళ్లించండి, ముందు 9,000, తర్వాత 27,000. 401కెలో కంపెనీ మ్యాచింగ్ (మీరు కట్టినదానికి తోడుగా వేసే వాటా) ఇచ్చేంత వరకు కట్టడం ఆపొద్దు. కంపెనీ ఇచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోపాటే పోతుంది, సొంతంగా టర్మ్ పాలసీ తీసుకోండి. సున్నా వడ్డీ బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్, అంటే కొన్నాళ్లు వడ్డీ లేని కొత్త కార్డుకు బాకీని మార్చుకోవడం, పాత కార్డు వాడకుండా ఉండగలిగితేనే చేయండి.

పుస్తకాల మాటకొస్తే, పైసా ఖర్చు లేని దారులు ముందున్నాయి. మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో ఇంగ్లిష్ ఈ-పుస్తకాలు ఫోన్‌లోనే ఉచితంగా చదువుకోవచ్చు. తెలుగు పుస్తకాలు కొన్ని యూనివర్సిటీ లైబ్రరీల్లో ఉన్నాయి, వేరే లైబ్రరీ నుంచి తెప్పించి పెట్టగలరేమో మీ లైబ్రరీలో అడగండి. మీరు తెలుగు కోసమే ఈ-రీడర్ కొనాలనుకుంటే తొందరపడకండి. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. చిన్న తెర మీద ఒత్తులు, గుడులు కనిపించక కళ్లు లాగుతాయి. ఇంట్లో పది అంగుళాల ట్యాబ్ ఉంటే వాటికి అదే మేలు.

30 కిలోలు మాత్రం ఇప్పుడు తెప్పించుకోవద్దు. 2023 మొదట్లో లేఆఫ్‌లు వరసగా జరిగినప్పుడు నాతో మాట్లాడిన ఒక కుటుంబం, ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న పుస్తకాలను డబ్బాల్లో పెట్టి అపార్ట్‌మెంట్ లాబీలో వదిలేసి విమానం ఎక్కింది. ఆయన ఆ మాట చెబుతూ ఏడ్చారు. మీ పుస్తకాలు గుంటూరులో భద్రంగా ఉన్నాయి, ఉండనివ్వండి. మీరు ఇండియా వెళ్లొచ్చేటప్పుడు చాలా ఎయిర్‌లైన్స్‌లో మనిషికి 23 కిలోల బ్యాగులు రెండు తెచ్చుకోవచ్చు. మీ ముగ్గురి బ్యాగుల్లో పది కిలోలు సర్దినా దాదాపు నలభై పుస్తకాలు వస్తాయి, కొరియర్ ఖర్చు లేకుండా.

పాప సంగతి వేరు. అక్షరాలు నేర్చుకునే వయసులో ఆమెకు వేలు పెట్టి చదివే అచ్చు పుస్తకమే కావాలి. ఈసారి ఇండియా నుంచి వచ్చే మిత్రులెవరైనా ఉంటే నాలుగు బొమ్మల పుస్తకాలు తెమ్మనండి. వాటి డబ్బు కార్డు మీద కాకుండా చేత్తో ఇవ్వండి.