ఇద్దరి లెక్క వేరు, ముగ్గురి లెక్క వేరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే పాదుకి కాసిన కాయల్లా ఉన్నాయి, అందుకే ఒక్కచోట వేస్తన్నాం. పేర్లు వెయ్యట్లేదు. మన గోదారోళ్ళకి ఊరు చెప్తే చాలు మనిషిని పట్టేస్తారు కాబట్టి ఊళ్ళు కూడా కొంచెం అటూ ఇటూ జరిపాం.

ప్రశ్న: నేనూ మా బావమరిదీ 6 ఏళ్ళుగా రొయ్యల చెరువు లీజుకి చేస్తన్నామండి. కాయితం లేదు, సంతకం లేదు, అంతా నోటి మాటే. ఒక పంట మొత్తం పోయినా ఒకళ్ళనొకళ్ళం పల్లెత్తు మాట అనుకోలేదు. పోయినేడు ఇంకో చెరువు తీసుకుందామని, డబ్బు చాలక మా తోడల్లుణ్ణి కలుపుకున్నాం. మనిషి మంచోడే. కానీ అప్పట్నుంచి మేత ఏ షాపులో తేవాలన్నా, ఏ కౌంట్‌లో (అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగినప్పుడు) పట్టుబడి చెయ్యాలన్నా వాళ్ళిద్దరూ ఒక మాట, నేనొక మాట. తప్పు నాదా, ఆయనదా? (ఉండి దగ్గర రైతు)

జవాబు: ఎవరిదీ కాదండి, మూడు అనే అంకెది. నవ్వకండి, ఇది నేను కనిపెట్టింది కాదు. జర్మనీలో జార్జ్ సిమ్మెల్ (1858–1918) అని ఒక సమాజశాస్త్రవేత్త ఉండేవాడు, మనుషుల మంచీ చెడ్డా పక్కనపెట్టి కేవలం ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టే వాళ్ళ మధ్య వ్యవహారం ఎలా మారిపోద్దో 1908లోనే రాశాడు. మీరిద్దరే ఉన్నప్పుడు చూడండి, రాత్రి చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోయిందంటే చూడనిది మీరో ఆయనో, మూడో పేరు లేదు, తప్పించుకోడానికి సందు లేదు. ఓటింగ్ అన్నదీ లేదు, ఒకటి ఇటు ఒకటి అటు, అంచేత ఒప్పించుకోవాలి లేదా ఒప్పుకోవాలి. ఆరేళ్ళు మీరు గొడవపడకపోడానికి మీ మంచితనంతో పాటు ఇదీ కారణమే. మూడోమనిషి రాగానే ఇద్దరు ఒకవైపు అవ్వడం అనేది మొదటిసారి కుదురుద్ది. కుదిరేది ఎప్పుడోకప్పుడు జరుగుద్ది. ఇంకో సంగతి, ఇదివరకు మీలో ఒకరు తప్పుకుంటే చెరువు యవ్వారమే లేదు, ఇప్పుడు మీరు లేకపోయినా అది నడుస్తది. ఆ సంగతి ఎవరూ పైకి అనరు గానీ మీకు లోపల గుచ్చుకుంటున్నది అదేనేమో అని నా అనుమానం.

ఆ మూడోమనిషి మూడు రకాలుగా ఉండొచ్చంటాడు సిమ్మెల్. ఒకటి, ఇద్దరికీ సర్దిచెప్పే పెద్దమనిషి. రెండు, పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందంటారే, వీళ్ళ గొడవలో తన లాభం తాను చూసుకునేవాడు. మూడు, పనిగట్టుకుని గొడవ పెట్టి పెత్తనం చేసేవాడు. మీరు రాసినదాన్ని బట్టి మీ తోడల్లుడు ఈ మూడూ కాదు, డబ్బు పెట్టాడు కాబట్టి తన మాట కూడా వినాలనుకుంటున్నాడు, అంతే. నిజానికి ఇందులో నలిగిపోయేది మీ బావమరిది. మీరిద్దరూ ఆయనకి బావలే, ఎటు మాట్లాడినా ఒక తోబుట్టువు ఇంట్లో అలకే.

నన్నడిగితే సీడ్ (రొయ్యపిల్లలు), మేత, పట్టుబడి ఈ మూడు విషయాలూ ఇద్దరు ఫోన్లో తేల్చుకోడం మానెయ్యండి, వారానికోసారి ముగ్గురూ గట్టు మీద కూచుని పుస్తకంలో రాసుకోండి. నోటి మాట ఇద్దరికే ఆగుద్ది. మీ బావమరిదితో మాత్రం విడిగా టీకి వెళ్ళడం మానకండి, అక్కడ చెరువు ఊసు ఎత్తకండి. ఆడాళ్ళ ద్వారా కబుర్లు అస్సలు వద్దు. ముగ్గురుంటే జతలు మూడే, ముగ్గురు భార్యల్నీ కలిపితే ఆరుగురికి 15 జతలవుతాయి, పదిహేను చోట్ల మాట మారే అవకాశం. లెక్క వేసి చూసుకోండి.

ప్రశ్న: మా ఊడ్పుల ముఠాలో 12 మందిమి. ఎకరానికి ఇంత అని గుత్తకి చేస్తాం. సార్వాకి తొందరగా అవ్వాలని ఇంకో 12 మందిని కలిపాం. పని రెండింతలవ్వాలి కదండీ, అవ్వలేదు. ఎవరు బద్ధకిస్తున్నారో కూడా తెలీట్లేదు. (రాజోలు వైపు నుంచి ఒక మేస్త్రీ)

జవాబు: మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అని ఊరికే అన్నారా. ఫ్రాన్సులో రింగెల్‌మాన్ అని ఒక వ్యవసాయ ఇంజనీరు, మీలాంటి అనుమానమే వచ్చి మనుషుల చేత తాడు లాగించి కొలిచాడు, 1913లో అచ్చేశాడు. ఒక్కడు లాగే బలం వంద అనుకుంటే, ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి దగ్గర్నుంచి వచ్చింది సగమే. అందులో కొంత అందరూ ఒకే ఊపులో లాగలేకపోవడం, కొంత "మనం తగ్గితే ఎవరికి తెలుస్తది లే" అనుకోవడం. దీన్ని బద్ధకం అనకండి, కావాలని ఎవరూ చెయ్యరు, గుంపులో చెయ్యి దానంతటదే వదులవుద్ది.

24 మందినీ ఒకే మడిలో దింపకండి. మళ్ళీ రెండు ముఠాలు చేసి చెరో మడీ ఇవ్వండి, ఎవరు నాటింది ఎంతో గట్టు మీద నుంచి కనపడాలి. పాత పన్నెండు మందిని మాత్రం విడదీయకండి, ఎవరి పక్కన ఎవరు వంగితే పని సాగుద్దో వాళ్ళకి ఏళ్ళ తరబడి అలవాటై ఉంటది. పాట పాడేవాళ్ళుంటే రెండు ముఠాలకీ పంచండి. ఊపు కుదిరేది అక్కడే.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయ్యి హైదరాబాదులో రూమ్‌లో ఉంటున్నాడు. ప్రాణం పెట్టే ఫ్రెండ్స్ నలుగురున్నారు, ఒక్కరూ ఉద్యోగం చూపించట్లేదు. ఏం ఫ్రెండ్స్ అండీ వీళ్ళు? (పాలకొల్లు నుంచి ఒక తల్లి)

జవాబు: ఆ పిల్లల్ని తిట్టకండమ్మా, వాళ్ళూ వెతుక్కుంటున్నారేమో. ఒకే రూమ్, ఒకే కాలేజీ, వాడికి తెలిసిందే వీడికీ తెలుసు, కొత్త కబురు ఎక్కణ్ణించొస్తది? అమెరికాలో గ్రానోవెటర్ అనే ఆయన 1973లో ఒక పేరుపడ్డ వ్యాసం రాశాడు, తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని అడిగితే, తరచూ కలిసే మనిషి ద్వారా వచ్చింది వందకి 17 మందికి కూడా లేదు, ఎక్కువమందికి ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ళ దగ్గర్నుంచే వచ్చింది. నరసాపురం బండిలో పైబెర్తు మీద పరిచయమైన సీనియర్, మీ ఊరి నుంచి వెళ్ళి కూకట్‌పల్లిలో స్థిరపడ్డ దూరపు చుట్టం, అలాంటోళ్ళకి ఫోన్ చెయ్యమనండి. మొహమాటపడతాడు, రెండు కాల్స్ అయ్యేసరికి పోద్ది. జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చేది మాత్రం ఆ నలుగురే, వాళ్ళని వదులుకోమని చెప్పకండి.

ప్రశ్న: రిటైరైన టీచర్ని. నేనూ నా తోటి టీచరూ 19 ఏళ్ళు రోజూ సాయంత్రం లొల్ల లాకుల దాకా కాలవ గట్టున నడిచాం. అక్కడ ఒక కొంగ నిలబడి ఉండేది, దానికి మేం హెడ్మాస్టారని పేరు పెట్టుకున్నాం, ఆ పేరు ఇంకెవరికీ తెలీదు. పోయిన మాఘంలో ఆయన వెళ్ళిపోయారు. మా అబ్బాయి వాకింగ్ క్లబ్బులో చేరమంటాడు, వాళ్ళు 30 మంది, మంచోళ్ళే. రెండ్రోజులు వెళ్ళి మానేశాను. నాదేమన్నా మొండితనమా? (ఆత్రేయపురం)

జవాబు: కాదు మాస్టారూ. క్లబ్బులో ఒకాయన తగ్గితే 29 మంది నడుస్తారు, సంతాపం చెప్పి మళ్ళీ నడుస్తారు. జతకి ఆ వీలు లేదు. నిలబడ్డానికి ఇద్దరూ కావాలి, పోడానికి ఒక్కరు చాలు. పైన చెప్పిన సిమ్మెలే ఇదీ చెప్పాడు, ఇద్దరి స్నేహంలో ఆ భయం మొదట్నుంచీ లోపల ఉంటదని, అందుకే అది అంత దగ్గరగా ఉంటదని. మీ అబ్బాయి ప్రేమతోనే అంటున్నాడు గానీ, ఆయన లోటు ముప్ఫైమందితో పూడేది కాదు. క్లబ్బు మానెయ్యండి, గట్టు మాత్రం మానకండి, కొన్నాళ్ళు ఒక్కరే నడవండి. ఆ ముప్ఫైమందిలో మీలాగే తక్కువ మాట్లాడేవాళ్ళు ఒకరు ఉండకపోరు, ఆయనకి గుంపు వద్దనిపించిన రోజున మీ పక్కకి వస్తారు, వస్తే కొంగ పేరు వెంటనే చెప్పెయ్యక్కర్లేదు.

హెడ్మాస్టారు ఇంకా డ్యూటీకి వస్తున్నారో లేదో ఒక కార్డు ముక్క రాయండి.