టెక్ సందేహాలు: తేలికపాటి లైనక్స్ అన్ని కోర్లనూ వాడుకుంటుందా?

ప్రశ్న: నా పాత ల్యాప్‌టాప్‌లో ఐ3 ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ నడవడం కష్టమైపోయి యాంటీఎక్స్ లైనక్స్ వేశాను. బూట్ చకచకా అవుతోంది గానీ, బ్రౌజర్ తెరిస్తే హెచ్‌టాప్‌లో (ఏ కోర్ ఎంత పనిలో ఉందో చూపించే ప్రోగ్రామ్) ఒక గీత 100 శాతానికి పోతోంది, మిగతా మూడూ దాదాపు ఖాళీ. తేలిక డిస్ట్రో (లైనక్స్ రకం) కాబట్టి అన్ని కోర్లనూ వాడుకోలేకపోతోందా? ఉబుంటూ లాంటి పెద్దదానికి మారాలా?

మారకండి, మారితే ఇంకా నెమ్మదిస్తుంది. హెచ్‌టాప్‌లో నాలుగు గీతలు కనిపిస్తున్నాయంటే నాలుగింటినీ కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ గుండె, గుర్తించినట్టే. కోర్లకు పని పంచేది కెర్నెల్‌లోని షెడ్యూలర్. డిస్ట్రో తేలికా బరువా అన్నది డెస్క్‌టాప్‌నీ, వెనకాల నడిచే సర్వీసులనీ, ముందే ఎక్కించిన ప్రోగ్రాములనీ బట్టి ఉంటుంది, కెర్నెల్ మాత్రం అన్నిట్లోనూ అదే లైనక్స్. అది ఒకటికి మించి ప్రాసెసర్లను నడపడం 1996లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచే నేర్చుకుంది. అన్నట్టు మీ ఐ3లో నిజంగా ఉన్నవి నాలుగు కోర్లు కాకపోవచ్చు. పాత ల్యాప్‌టాప్ ఐ3ల్లో మామూలుగా ఉండేవి రెండు కోర్లే, హైపర్‌థ్రెడింగ్ వల్ల ఒక్కొక్కటీ రెండుగా కనిపిస్తుంది. టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ అని కొడితే కోర్లెన్ని, ఒక్కో కోర్‌కి థ్రెడ్లెన్ని (అంటే ఒక్కోటి ఎన్నిగా కనిపిస్తోంది) అన్నది విడివిడిగా చూపిస్తుంది.

మరి ఒక్కటే ఎందుకు అలసిపోతోందంటే, ప్రోగ్రామ్ తన పనిని ఎన్ని థ్రెడ్లుగా (విడివిడిగా నడవగల పని వరుసలుగా) విడగొట్టుకుంటే కెర్నెల్ అన్ని కోర్లకే పంచగలదు, ఒకే థ్రెడ్‌లో నడిచే పనిని ముక్కలు చేసి నాలుగు చోట్ల పెట్టడం దాని చేతిలో లేదు. బ్రౌజర్లు ట్యాబ్‌లనీ సైట్లనీ వేర్వేరు ప్రాసెస్‌లుగా నడుపుతాయి నిజమే, కానీ ఒక పేజీలోని జావాస్క్రిప్ట్‌లో ఎక్కువ భాగం ఒకే ప్రధాన థ్రెడ్ మీద నడుస్తుంది. ఒక బరువైన పేజీ తెరిచారా, ఒక కోర్ మూలుగుతుంది, మిగతావి చూస్తూ ఉంటాయి. ఏ డిస్ట్రోలోనైనా ఇంతే.

నన్నడిగితే మీ మెషీన్‌కి అసలు టెన్షన్ కోర్లు కాదు, ఆ 2 జీబీ ర్యామ్. ట్యాబ్‌లు పెరిగేకొద్దీ సిస్టమ్ స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) దిగుతుంది, డిస్క్ నుంచి చదివేదాకా కోర్లు ఊరికే ఎదురుచూస్తాయి. టాప్ కమాండ్ నడిపి పై వరుసల్లో డబ్ల్యూఏ అనే అంకె చూడండి. అది అస్తమానం ఎక్కువగా ఉంటే అడ్డం డిస్క్ దగ్గర అన్నమాట. వీలైతే ర్యామ్ పెంచండి, ఎస్ఎస్‌డీ వేయండి, రెండూ కుదరకపోతే జీర్యామ్ ఆన్ చేయండి. అది స్వాప్‌ని డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే కుదించి దాస్తుంది, ఆ కుదించే పనికి మీ ఖాళీ కోర్లే పనికొస్తాయి. వీడియోలు ఆగి ఆగి వస్తుంటే కారణం వేరే. పాత గ్రాఫిక్స్ చిప్‌లకు వీపీ9, ఏవీ1 అనే వీడియో ఫార్మాట్లు తెలియవు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. వాటికి తెలిసిన పాత ఫార్మాట్ హెచ్.264లో వీడియో వచ్చేలా చేసే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే చాలా తేడా కనిపిస్తుంది.

ప్రశ్న: నాది కోర్ 2 డ్యుయో. పప్పీ లైనక్స్‌లో కోర్ల లెక్క చెప్పే ఎన్‌ప్రాక్ కమాండ్ కొడితే 1 అని వస్తోంది. ఇంకో కోర్ ఏమైంది?

మీకు మాత్రం నిజంగానే సమస్య ఉంది. ముందు బూట్ పారామీటర్లు చూడండి. ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ అనే ఫైల్ తెరిస్తే కెర్నెల్‌కి ఏమేం చెప్పి లేపారో కనిపిస్తుంది. అందులో ఒక్క కోరే వాడమని చెప్పే నోఎస్ఎంపీ గానీ, మాక్స్‌సీపీయూస్ 1 గానీ ఉంటే దొంగ దొరికినట్టే. ఏసీపీఐ (బయోస్ నుంచి హార్డ్‌వేర్ వివరాలు కెర్నెల్‌కి అందే పద్ధతి) ఆఫ్ అని ఉంటే దాన్నీ అనుమానించండి. స్క్రీన్ నల్లబడుతోందనో, బూట్ మధ్యలో ఆగిపోతోందనో ఎవరో చెబితే చాలామంది దాన్ని పెట్టేసి మర్చిపోతారు. కానీ మెషీన్‌లో ఎన్ని ప్రాసెసర్లున్నాయో కెర్నెల్ తెలుసుకునేది ముఖ్యంగా ఏసీపీఐ పట్టికల నుంచే, అది ఆపేస్తే చాలా మెషీన్లలో రెండో కోర్ ఉన్న సంగతే దానికి తెలియదు. చుట్టమై వచ్చి దెయ్యమై పట్టడం అంటే ఇదే.

బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూ (ఏ సిస్టమ్ లేపాలో అడిగే తెర) వచ్చినప్పుడు ఇ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుసలో ఆ ముక్క తీసేసి, ఎఫ్10తో బూట్ చేయండి. ఇది ఆ ఒక్కసారికే, కాబట్టి చెడిపోయేదేం లేదు. పని చేస్తే అప్పుడు కాన్ఫిగ్ ఫైల్‌లో మార్చుకోండి. పప్పీలో గ్రబ్4డాస్ ఉంటే మెనూ.ఎల్ఎస్‌టీ ఫైల్‌లో కెర్నెల్ అని మొదలయ్యే వరుస మార్చాలి.

పారామీటర్లలో ఏమీ లేకపోతే యూనేమ్ డ్యాష్ ఏ కొట్టండి. వచ్చిన వరుసలో ఎస్ఎంపీ (ఒకటికి మించి కోర్లను నడపగలదని గుర్తు) అనే మాట లేదంటే కెర్నెల్‌నే ఒక కోర్ కోసం తయారు చేశారు. పాత తేలిక డిస్ట్రోల్లో ఇది ఉండేది. డెబియన్‌లో కూడా ఒకప్పుడు 486 పేరుతో వచ్చిన 32 బిట్ కెర్నెల్ ఒక్క కోర్‌నే వాడేది. అలాంటిదాన్ని సరిచేస్తూ కూర్చోకండి, కొత్త ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) దించుకోండి. కోర్ 2 డ్యుయో 64 బిట్‌దే కాబట్టి 64 బిట్ పప్పీయే వేసుకోవచ్చు. ఎస్ఎంపీ కెర్నెల్ పాత మెషీన్‌కి బరువేమో అని కొందరి భయం. సింగిల్ కోర్ మీద బూట్ అయితే అది అనవసరమైన లాకింగ్ సూచనలను (కోర్లు ఒకదాని పనికి ఒకటి అడ్డురాకుండా చూసేవి) తనే మార్చేసుకుంటుంది, కాబట్టి ఆ భయం పెట్టుకోకండి. ఇవన్నీ సరిగానే ఉంటే ఇక మిగిలింది బయోస్. కొన్నిట్లో మల్టీ కోర్ సపోర్ట్ అనే ఆప్షన్ ఉంటుంది, ఆఫ్‌లో ఉందేమో చూడండి.

ప్రశ్న: ఫైళ్లు కుదించినా, ప్రోగ్రామ్ కంపైల్ చేసినా ఒక్క కోరే తిరుగుతోంది. ఏం చేయాలి?

అన్ని కోర్లూ వాడమని ఆ ప్రోగ్రామ్‌నే అడగాలి, అంతే. కంపైల్ చేయించే మేక్ కమాండ్‌కి జె4 ఆప్షన్ ఇస్తే నాలుగు పనులు ఒకేసారి నడుపుతుంది. ఫైళ్లు కుదించే జీజిప్ ఒక్క థ్రెడ్‌దే, దాని బదులు పిగ్జ్ వాడండి, ఫైల్ ఫార్మాట్ అదే. ఎక్స్‌జెడ్‌కి టీ0 ఇస్తే ఉన్న కోర్లన్నీ తీసుకుంటుంది. ర్యామ్ 2 జీబీయే అయితే మాత్రం పెద్ద సీ ప్లస్‌ప్లస్ ప్రోగ్రామ్‌కి జె4 ఇవ్వకండి, నాలుగు కంపైలర్లు కలిసి మెమరీ మొత్తం మింగేస్తాయి. జె2 దగ్గర ఆగితే ముందే పూర్తవుతుంది.