వాక్లావ్ కాదు, వాత్స్లఫ్

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. ట్రాములో ముసలాయన మౌనం బాగా పట్టుకున్నావు. కానీ రెండో పేజీలో తల్లి వంటింట్లోంచి "వాక్లావ్! వాక్లావ్!" అని కేకేసే చోట నాకు కోపం వచ్చింది. చెక్ రాజధాని ప్రాగ్‌లో ఏ తల్లీ కొడుకుని అలా పిలవదు.

ఆ పేరులో ఉన్నది కకారం కాదు, "త్స". మనం చాప, చాలా అనేటప్పుడు పలికే దంత్య చకారమే అది. పదం చివరి వకారాన్ని వాళ్లు ఫకారంగా పలుకుతారు. అందుకే వాత్స్లఫ్. ఇక పిలుపు సంగతి. మనకు రాముడు "రామా" అయినట్టే చెక్ భాషలోనూ సంబోధనా విభక్తి ఉంది. వాత్స్లఫ్‌ని పిలిస్తే "వాత్స్లవె!" చివర అచ్చు చేరగానే వకారం తిరిగొచ్చింది, చూశావా? పవెల్ "పవ్లె" అవుతాడు, మధ్యలో ఎకారం జారిపోతుంది. హన "హనొ" అవుతుంది. ఇంట్లో ముద్దుపేర్లు వేరే: వాత్స్లఫ్‌కి వషెక్, యన్‌కి హొన్జ, యొసెఫ్‌కి పెప. వాటికీ విభక్తి తప్పదు. వషెక్‌ని పిలవాలంటే "వష్కు!" పాత్రకు పేరు పెట్టేముందు ఆ పేరుతో ఇంట్లో ఎలా పిలుస్తారో కనుక్కో. పాస్‌పోర్టులో ఉన్న రూపం కథకుడికి చాలదు.

చెక్‌లో అచ్చు మీద గీత గానీ చిన్న సున్నా గానీ ఉంటే దీర్ఘం, లేకపోతే హ్రస్వం. ఒత్తి పలికేది మాత్రం ఎప్పుడూ మొదటి అక్షరాన్నే. ఎ-ఏ, ఒ-ఓ తేడా మనకుంది కాబట్టి ఈ పేర్లు ఇంగ్లీషులో కంటే తెలుగు లిపిలోనే చక్కగా అమరుతాయి. అయినా కొందరు సంపాదకులు ఇంగ్లీషు స్పెల్లింగు చూసి, రచయితను అడక్కుండానే పేర్లు "దిద్దేస్తారు". ఈ పాడు అలవాటు ఏళ్లుగా పోవడం లేదు. ప్రూఫులు నువ్వే చూస్తానని పట్టుబట్టు.

చిన్నకొడుకు "ఇవాన్ పెత్రొవిచ్"లో పెత్రొవిచ్ కొట్టెయ్. తండ్రి పేరుకి "ఒవిచ్" చేర్చి పిలవడం రష్యన్ల పద్ధతి, చెక్‌లో లేదు. తల్లి ఇంటిపేరు నొవాక్ అని రాశావు, స్త్రీకి అది నొవాకొవా. చెర్నీ లాంటి విశేషణమైతే చెర్నా అవుతుంది. కోరుకున్న స్త్రీ పురుష రూపాన్నే ఉంచుకోవచ్చని 2022 జనవరి 1 నుంచి చట్టం ఒప్పుకుంటోంది గానీ, నీ కథ జరిగేది 1968లో.

"స్లావిక్ పేర్ల పరిమళం" అని రాసి, పక్కనే యన్, యొసెఫ్, మరియె అని పెట్టావు. అవి హీబ్రూ నుంచి చర్చితో వచ్చినవి. అసలు స్లావిక్ పేర్లు మన సమాసాల్లాంటివి. బొహుమిల్ అంటే దేవుడికి ప్రియమైనవాడు. లుద్మిల జనానికి ఇష్టురాలు. క్రైస్తవ సాధువుల పేర్ల ముందు పాతవి చాలా మరుగునపడ్డాయి. లుద్మిల, వాత్స్లఫ్ తామే సాధువుల పేర్లు కావడంతో నిలిచాయి. 19వ శతాబ్దపు జాతీయోద్యమంలో మిగతావీ తిరిగొచ్చాయి. 1862లో ప్రాగ్‌లో సొకొల్ వ్యాయామ సంఘాన్ని స్థాపించినవాళ్లలో ఒకడైన మిరొస్లఫ్ తిర్ష్ పుట్టుపేరు ఫ్రీడ్రిఖ్. జర్మన్‌లో "ఫ్రీడ్" అంటే శాంతి, స్లావిక్‌లో "మిర్" అన్నా శాంతే. "స్లఫ్" అంటే కీర్తి.

వాత్స్లఫ్ పాత రూపం వ్యెత్సెస్లఫ్, అంటే "మరింత కీర్తి". 10వ శతాబ్దంలో ఆ పేరుగల చెక్ ప్రభువుని సెప్టెంబర్ 28న చంపించిన సొంత తమ్ముడు బొలెస్లఫ్. "బొలె" అన్నా "మరింత" అనే. ఒకే అర్థంగల రెండు పేర్లు ఒకే ఇంట్లో! అన్నదమ్ముల పగ మీద కథ రాస్తూ ఇది వదిలేశావేం? చిన్నవాడికి బొలెస్లఫ్ అని పెట్టి చూడు.

ముగింపు గురించి, పోటీకి పంపడం గురించి అడిగావు, అవి తర్వాత. ముందు ఆఖరి దృశ్యాన్ని సెప్టెంబర్ 28కి జరుపు. అక్కడి క్యాలెండరులో ఒక్కో రోజు ఒక్కో పేరుది, అది వాత్స్లఫ్ పేరు పండగ, చెక్‌లో పుట్టినరోజులాగే శుభాకాంక్షలు చెబుతారు. ఆ రోజు తల్లి తలుపు దగ్గర నిలబడి "వష్కు" అనాలి.