గురువు చిత్రశాలలో శిష్యులు వేసిన దేవదూత బొమ్మ నకిలీయేనా?

మ్యూజియంలో ఒక దేవదూత బొమ్మ కింద చిత్రకారుడి పేరు కాకుండా "ఫలానా గురువు చిత్రశాల" అని రాసి ఉందనీ, అలాంటిది నకిలీయేనా, దాని ముందు నిలబడటం దండగేనా అనీ అడిగారు. దండగ కాదు. ఇక్కడ చిత్రశాల అంటే గురువు, శిష్యులు కలిసి బొమ్మలు వేసే చోటు. నాకు ఈ సంగతి ఒక్క బొమ్మ వల్ల తెలిసింది.

మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారాలు ఆల్టే పినకోటెక్ అనే చిత్రాల మ్యూజియానికి వెళ్ళేవాణ్ణి. ఆదివారం టికెట్టు ఒక్క యూరోనే. అక్కడ బైబిల్ కథలోని అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును దేవుడికి బలి ఇవ్వబోయే బొమ్మ ఉంది, దాదాపు రెండు మీటర్ల ఎత్తు. అసలైనది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది, డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1635లో వేశాడు. ఇది ఆయన శిష్యుడు వేసిన ప్రతి అని తోటి ఉద్యోగి చెప్పగానే నాకు ఆసక్తి పోయింది. రెండు మూడు వారాలు దాన్ని దాటుకుంటూ వెళ్ళిపోయాను.

తర్వాత ఒక రోజు దాని మీదున్న డచ్చి రాతకు అర్థం తెలుసుకున్నాను. "రెంబ్రాంట్ మార్చి, పైన మళ్ళీ రంగులు వేశాడు, 1636" అని. అప్పుడు ఫోనులో హెర్మిటేజ్ బొమ్మ తెరిచి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. అబ్రాహాము అదే, తండ్రి అరచేతి కింద ముఖం మూసుకుపోయిన ఇస్సాకు అదే, చేజారి గాల్లో ఉన్న కత్తి కూడా అదే. మారింది ముఖ్యంగా దేవదూత! హెర్మిటేజ్‌లో ఎడమ పక్క నుంచి వస్తాడు. మ్యూనిక్‌లో వెనక లోతులోంచి నేరుగా మన వైపు దూసుకొస్తాడు. వెనక పొదలో పొట్టేలు కూడా చేరింది.

ఆదికాండము 22వ అధ్యాయంలో దూత అతన్ని ఆపడానికి ఆకాశం నుంచి "అబ్రాహామా, అబ్రాహామా" అని పిలుస్తాడంతే, చెయ్యి పట్టుకోడు. తెనాలి దగ్గర మా ఊళ్ళో సండే స్కూల్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు, అయినా ఆ పిలుపు ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే అన్న భయం నాకు ఎప్పుడూ కలగలేదు. బొమ్మలో దూత అబ్రాహాము మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. వెనక నుంచి వచ్చే దూతను చూస్తే ఆ భయం ఇంకా ఎక్కువ. నా మట్టుకు నాకు, దూత విషయంలో మ్యూనిక్ బొమ్మే గొప్పది.

ఆ శిష్యుడు ఎవరో తేలలేదు. హోవర్ట్ ఫ్లింక్ అని చాలామంది అంటారు. అప్పటి చిత్రశాలల్లో ఇది మామూలు సంగతే. శిష్యులు గురువుకు ఏడాదికి ఇంతని రుసుము కట్టి నేర్చుకునేవాళ్ళు, వాళ్ళు వేసినవి గురువు అమ్ముకునేవాడు. ఆంట్వెర్ప్‌లో రూబెన్స్ అనే చిత్రకారుడైతే 1618లో ఆంగ్లేయ రాయబారి డడ్లీ కార్ల్‌టన్‌కు బొమ్మల జాబితా పంపుతూ, ఏది పూర్తిగా తన చేతిదో, ఏది శిష్యుడు వేస్తే తాను దిద్దాడో విడివిడిగా రాశాడు. దాచిపెట్టడానికి అందులో ఏమీ లేదు.

అయితే "చిత్రశాల" అన్న మాట ఉన్న ప్రతి బొమ్మా ఇంత గొప్పగా ఉండదు. కొన్నిటిలో ముఖం బాగుండి బట్టల మడతలు మొద్దుగా ఉంటాయి, కొన్నిటిలో రెక్కలు అతికించినట్టు ఉంటాయి. అందుకే మీరు చూసిన బొమ్మ దగ్గరకు మళ్ళీ వెళ్ళండి. దాని అసలు ప్రతి ఎక్కడైనా ఉంటే ఫోటో దగ్గర పెట్టుకోండి. ముందు దూత చేతులు చూడండి, తర్వాత రెక్కలు భుజానికి కలిసే చోటు, ఆ తర్వాత ఏం మార్చారో వెతకండి. నేను ఆ రోజు మ్యూజియం మూసేవరకూ అక్కడి నుంచి కదల్లేదు.