మన ఊరి ఎండాకాలం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఎండల గురించే ఉన్నాయి. చాలామంది అడిగిన సంగతి ఒక్కటే: ఊరు విడిచి వెళ్ళే స్తోమత లేనప్పుడు హైదరాబాదులోనే వేసవిని సంతోషంగా గడపడం ఎలా? వాటిలో నాలుగు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా వారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. బాబుకు పదకొండేళ్ళు, పాపకు ఏడేళ్ళు. మా తోటికోడలు వాళ్ళు పిల్లలను తీసుకొని ఊటీ వెళ్తున్నారు. "మరి మనం ఎక్కడికి?" అని మా పిల్లలు రోజూ అడుగుతున్నారు. మొన్న ఆదివారం సాయంత్రం ఒక పార్కుకు తీసుకువెళితే ఆ జనం, ఆ ట్రాఫిక్, పెట్టిన ఖర్చు చూసి అందరం విసిగిపోయి తిరిగి వచ్చాం. తక్కువ ఖర్చుతో ఈ ఊళ్ళోనే సెలవులు గడిపే మార్గం ఉందా?
— ఒక గృహిణి, మల్కాజిగిరి

జవాబు: ఉందమ్మా. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ ఈ ఊళ్ళోనే గడిచాయి. మా నాన్నగారి జీతంలో ప్రయాణాలకు మిగిలేది ఏమీ ఉండేది కాదు. అయినా ఆ సెలవులను ఈనాటికీ ఇష్టంగా తలుచుకుంటాను కాబట్టి మీ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలుగుతున్నాను.

మీరు వెళ్ళిన చోటు మంచిదే అయి ఉంటుంది, వెళ్ళిన వేళ మాత్రం సరైనది కాదు. మన నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున, రాతి పీఠభూమి మీద ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి గాలిలో తేమ తక్కువ కాబట్టి మధ్యాహ్నం ఎంత మండిపోయినా తెల్లవారుజామున గాలి హాయిగా ఉంటుంది. సాయంత్రం ఆరింటికైతే రోడ్లూ గోడలూ పగలంతా తాగిన వేడిని వదులుతూనే ఉంటాయి. అందుచేత పిల్లలను రాత్రి పెందలాడే పడుకోబెట్టి, ఐదింటికి లేపి, ఐదున్నరకల్లా ఇంట్లోంచి బయలుదేరండి. మొదటి రెండు రోజులు గొణుగుతారు, మూడో రోజు వాళ్ళే మిమ్మల్ని లేపుతారు.

మొదట ట్యాంక్‌బండ్‌కు వెళ్ళండి. సికింద్రాబాదు చేరుకుంటే అక్కడి నుంచి గట్టు మీదుగా వెళ్ళే బస్సులు దొరుకుతాయి. 2023 డిసెంబరు 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కాబట్టి మీకూ పాపకూ ఖర్చు లేదు, బాబుకు అర టికెట్టు. ట్యాంక్‌బండ్ హుస్సేన్ సాగర్‌కు తూర్పు గట్టు కావడంతో ఉదయపు ఎండ వీపు మీద పడుతుంది, నీళ్ళ మీది మెరుపు కళ్ళలో కొట్టదు. వేసవిలో నీరు తగ్గినప్పుడు అక్కడ వాసన వచ్చే మాట నిజమే. గాలి ఆడే తెల్లవారు వేళ అది కాస్త తక్కువగా ఉంటుంది.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ ఈ చెరువు కట్టించాడని పిల్లలకు చెప్పండి. 1990లో తీసుకువెళుతుండగా నీళ్ళలో పడిపోయి, రెండేళ్ళపాటు సాగర్ అడుగున ఉండి, 1992లో పైకి లేచి నిలబడిన బుద్ధ విగ్రహం కథ చెప్పండి. ఆ కథ విన్న పిల్లలు ఆ రాతి బుద్ధుణ్ణి మునుపటిలా చూడరు.

గట్టు మీద ఉన్న మహనీయుల విగ్రహాలతో మేము ఒక ఆట ఆడేవాళ్ళం. వేమన విగ్రహం దగ్గర ఒక పద్యం, పోతన దగ్గర ఒక పద్యం, అన్నమయ్య దగ్గర ఒక కీర్తనలో రెండు పాదాలు, గురజాడ దగ్గర రెండు గేయ పంక్తులు చెప్పాలి. చెప్పలేనివాళ్ళు ఇంటికి వెళ్ళి నేర్చుకొని మళ్ళీ వచ్చినప్పుడు చెప్పాలి. మొల్ల, జాషువాల దగ్గర ఆగిపోయినవాళ్ళే మాలో ఎక్కువ. ఆ సెలవుల్లో నేర్చుకున్న పద్యాలు నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, బడిలో బట్టీ పట్టినవి మాత్రం చాలావరకు మరిచిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో తాటి ముంజలు కనబడితే డజను కొనండి. చుట్టుపక్కల జిల్లాల నుంచి తెల్లవారకముందే వచ్చే కాయలను రోడ్డు పక్కన గుట్టలుగా పోసి, కత్తితో చెక్కి అమ్ముతుంటారు. ముందే ఒలిచి సంచుల్లో కట్టినవాటి కంటే మీ ఎదురుగా కొట్టించినవి తీసుకోవడం మంచిది. సాధారణంగా ఒక కాయలో మూడు ముంజలు ఉంటాయి. వేలితో నొక్కితే లోపల నీళ్ళు కదులుతున్నట్టు ఉన్నది లేత ముంజ. గట్టిపడినదాన్ని అరిగించుకోవడం పిల్లలకు కష్టం. అమ్మే అతన్ని మంచి మాటతో అడిగితే ముంజలు తీసేసిన బుర్రలు రెండు ఇస్తాడు. వాటికి నడుమ ఒక పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోస్తే బండి సిద్ధమవుతుంది. ఇంత సంతోషం ఇచ్చే బొమ్మను నేను ఏ దుకాణంలోనూ చూడలేదు.

మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండండి. వారానికి ఒక పూట మాత్రం సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకువెళ్ళండి, శుక్రవారం సెలవు అని గుర్తుంచుకోండి. పదకొండింటికల్లా లోపల ఉంటే పన్నెండు గంటలకు సంగీత గడియారం ముందు చోటు దొరుకుతుంది. చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకొని బయటికి వచ్చి పన్నెండు సార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోయే ఆ కొద్ది క్షణాల కోసం పెద్దవాళ్ళు కూడా ఊపిరి బిగబట్టి నిలబడతారు. తరవాత మేలిముసుగు రెబెకా దగ్గరికి వెళ్ళి, రాతిలో చెక్కిన ముసుగు వెనక ముఖం ఎలా కనబడుతున్నదో పాపను చూడనివ్వండి. ఒక్క రోజులో అన్ని గదులూ చూపించాలని మాత్రం ప్రయత్నించవద్దు.

ఇంట్లో ఉన్న రోజుల్లో ఆవకాయ పెట్టండి, దాన్నే పిల్లలకు పండుగ చేయండి. రైతుబజారులో కాయ ఎంచడం, కత్తిపీట దగ్గర టెంకతో సహా ముక్కలు కొట్టించడం, ఇంటికి వచ్చి తడి లేకుండా ఒక్కొక్క ముక్కనూ గుడ్డతో తుడవడం, టెంక లోపలి పొర తీయడం, ఇవన్నీ పిల్లలు చేయగల పనులే. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె మీరు కలపండి. ముక్కలు జాడీలోకి ఎత్తాక పళ్ళెంలో మిగిలిన గుజ్జులో వేడి అన్నం వేసి కలిపి ముద్దలు పెట్టండి. ఊటీ వెళ్ళిన పిల్లలకు ఆ ముద్ద దొరకదు.

రాత్రి డాబా మీదికి చేరండి. పొద్దు గుంకగానే బట్టలు జాడించిన నీళ్ళు దాచి నేల మీద చల్లితే ఒక గంటలో వేడి లాగేస్తుంది. మంచి నీళ్ళు మాత్రం ఇందుకు వాడవద్దు, ట్యాంకర్ల కోసం వీధులు ఎదురుచూసే నెలలు ఇవి. చాపలు పరుచుకొని పడుకొంటే, మే నెల మధ్యలో రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన సప్తర్షి మండలం ఎత్తుగా కనబడుతుంది. దాని తోకలో నడుమ నక్షత్రం వశిష్ఠుడు, ఆయన పక్కనే మినుకుమనేది అరుంధతి. మీ పెళ్ళిలో పురోహితుడు చూపించిన నక్షత్రాన్ని ఇప్పుడు తీరిగ్గా వెతకండి. ఆ తోక వంపును అలాగే పొడిగిస్తే నారింజ రంగులో స్వాతి, ఇంకా ముందుకు పోతే తెల్లగా చిత్త కనబడతాయి. ఆగ్నేయ దిక్కున కింద ఎర్రగా పైకి లేస్తున్నది జ్యేష్ఠ. ఇన్ని వీధి దీపాల మధ్య కూడా అరుంధతి తప్ప మిగతావి సులువుగానే కనబడతాయి.

ప్రశ్న: ఫ్రిజ్ నీళ్ళు నా గొంతుకు పడక రెండేళ్ళ కిందట కుండ కొన్నాను. మొదటి వేసవిలో నీళ్ళు చక్కగా చల్లబడ్డాయి. ఈ ఏడు ఫ్లాటుకు మారాక అదే కుండలో నీళ్ళు గోరువెచ్చగా ఉంటున్నాయి. కారణం ఏమిటి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, వనస్థలిపురం

జవాబు: మాస్టారూ, రెండు కారణాలు ఉండవచ్చు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. రెండేళ్ళు వాడేసరికి బోరు నీళ్ళలోని లవణాలు ఆ రంధ్రాలను మూసివేస్తాయి. కుండ వెలుపల చేయి పెట్టి చూడండి, చెమట పట్టినట్టు తడిగా లేకపోతే ఇదే కారణం. సబ్బు వాడకుండా కొబ్బరి పీచుతో లోపలా బయటా తోమి, ఒక రోజు ఎండబెట్టి చూడండి. అప్పటికీ ఊరకపోతే కొత్తది కొనడమే మేలు. రంగులు, వార్నిషు పూసినది మాత్రం కొనవద్దు, అది ఊరదు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి వాడుకోండి.

రెండోది చోటు. ఫ్లాటు వంటింట్లో పొయ్యి వేడి ఉంటుంది, గాలి ఆడదు. కుండను కిటికీ పక్కన నీడలో, తడి ఇసుక మీద పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టండి. మన ఊరి పొడిగాలి కుండకు ఎంతో అనుకూలం. అదే కుండ సముద్రతీరంలో ఇంత బాగా పని చేయదు. ఇక్కడ కూడా జూన్‌లో వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక దాని చల్లదనం తగ్గుతుంది. నాలుగు వట్టివేళ్ళు కడిగి లోపల వేస్తే ఆ నీటి పరిమళం కోసమే దాహం వేస్తుంది.

ఓపిక ఉంటే ఇంకొక పని చేయండి. మీ గేటు బయట చెట్టు నీడన ఇలాంటి రంజన్ ఒకటి పెట్టి, రోజూ కడిగి నింపి, మూత మీద గ్లాసు ఉంచండి. డెలివరీ కుర్రవాళ్ళు, చెత్త బండి వాళ్ళు, ఆటో డ్రైవర్లు ఆగి తాగి వెళ్ళడం చూస్తూ కూర్చోవడం వేసవిలో నాకు తెలిసిన గొప్ప సంతోషాల్లో ఒకటి.

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. పోటీ పరీక్షల శిక్షణ కోసం అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటున్నాను. ఆదివారం ఒక్కటే సెలవు. గదిలో ఫ్యాను వేడి గాలి కొడుతుంది, మాల్‌కు వెళ్తే నెల ఖర్చులో లోటు పడుతుంది. ఎక్కడికి వెళ్ళమంటారు? ఇక్కడ బంగినపల్లిని బేనిషాన్ అని ఎందుకు అంటారు?
— ఒక విద్యార్థి

జవాబు: నాయనా, తొమ్మిదింటికి అమీర్‌పేటలో ఎల్బీనగర్ వైపు వెళ్ళే మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగి, అబిడ్స్‌కు నడవండి. ఆదివారం మూసిన దుకాణాల ముందు కాలిబాటల మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఎండ ముదరకముందే చూడటం మంచిది. పరీక్షల పుస్తకాలతో పాటు మీకోసం ఒక కథల పుస్తకం కూడా వెతుక్కోండి. ఏదైనా పనిదినాన వీలు చిక్కితే దగ్గరలోనే సుల్తాన్ బజారులో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, తెలుగు పుస్తకాల మధ్య కాసేపు కూర్చోండి. ఇంటికి దూరంగా ఉన్నవారికి అది ఎంత ఊరటో నాకు తెలుసు.

మధ్యాహ్నం గదికి వెళ్ళి పడుకోండి. సాయంత్రం మొజంజాహీ మార్కెట్‌కు రండి. 1935 నాటి ఆ రాతి కట్టడం లోపల ఋతువును బట్టి పండ్లతో చేసే ఐస్‌క్రీమ్ అమ్ముతారు. మే నెలలో మామిడిది ఒక్క కప్పు తీసుకొని బయటి ఆవరణలో కూర్చుంటే ఎవరూ లేవమనరు. ఇంకొక ఆదివారం నౌబత్ పహాడ్ మీది బిర్లా మందిరానికి వెళ్ళండి. పొద్దు గుంకాక ఆ పాలరాతి మెట్ల మీద తగిలే గాలి మీ తీరపు గాలిని పూర్తిగా మరపించలేకపోవచ్చు కానీ, కింద హుస్సేన్ సాగర్ చుట్టూ దీపాలు వెలగడం చూస్తుంటే ఈ ఊరి మీద మీకు మొదటిసారి ఇష్టం కలగవచ్చు. రవీంద్రభారతిలో సాయంత్రాలు జరిగే సంగీత, నృత్య కార్యక్రమాల్లో చాలావాటికి ప్రవేశం ఉచితం, హాలు చల్లగా ఉంటుంది.

ఇక బేనిషాన్ సంగతి. ఉర్దూలో 'బే' అంటే లేనిది, 'నిషాన్' అంటే మచ్చ. తొక్క మీద మచ్చ లేకుండా నున్నగా ఉండే పండుకు హైదరాబాదు పెట్టుకున్న పేరు అది. కొనేటప్పుడు రంగు చూడకండి, తొడిమ దగ్గర వాసన చూడండి. పైన అంతటా ఒకే పసుపు ఉండి వాసన లేని పండును రసాయనంతో మగ్గబెట్టి ఉండవచ్చు. దోర కాయలు నాలుగు కొని హాస్టల్ గదిలో కాగితంలో చుట్టి పెట్టుకొంటే, మూడు నాలుగు రోజుల్లో గది తలుపు తీయగానే పండిన వాసన మిమ్మల్ని పలకరిస్తుంది.

ప్రశ్న: మధ్యాహ్నం మన నీడ మాయమయ్యే రోజు ఒకటి ఉంటుందని మా అన్న చెప్పాడు. నిజమేనా?
— ఆరో తరగతి, తార్నాక

జవాబు: నిజమే, చిన్నారీ. హైదరాబాదు భూమధ్యరేఖకూ కర్కటరేఖకూ మధ్య ఉంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. ఒకటి మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు, రెండోది ఆగస్టు 3 ప్రాంతంలో. ఆ నిమిషాన నిటారుగా నిలబెట్టిన వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. నేల సమంగా ఉన్నచోట పక్కలు నిటారుగా ఉన్న ఒక స్టీలు గ్లాసు బోర్లించి పెట్టు. పన్నెండింటి నుంచి అయిదేసి నిమిషాలకు ఒకసారి దాని నీడ అంచున సుద్దముక్కతో గీత గీస్తూ ఉండు. నెత్తిన తడి తువ్వాలు వేసుకో, కాళ్ళకు చెప్పులు తప్పకుండా వేసుకో, సూర్యుడి వైపు మాత్రం చూడకు. ఆగస్టులో మబ్బులు అడ్డు రావచ్చు, అందుకని మే 9వ తేదీని జారవిడుచుకోకు. నువ్వు గీసిన గీతల బొమ్మను మాకు పంపించు.